వేడికి ఊరూ పేరూ ఉంటాయా?

బాబాయి మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబు నడిపి రిటైరైన మనిషి. ఆయన నమ్మిన యంత్రాలు రెండే: యూవీ స్పెక్ట్రోఫోటోమీటరు, హెచ్‌పీఎల్‌సీ. ఆయన అన్నగారి కూతురు లేజర్ల ల్యాబులో పరిశోధన చేస్తోంది. ద్రవంలోకి లేజర్ పంపి, అక్కడ పుట్టే అతి కొద్ది వేడితో ఆ ద్రవం గుట్టు లాగే ‘థర్మల్ లెన్స్’ పద్ధతి ఆమెది. ఇద్దరికీ పడదని కాదు, ఒకరి మాట ఒకరు ఊరికే ఒప్పుకోరు. నా మొగ్గు అమ్మాయి వైపేనని ముందే చెప్పేస్తున్నాను. అయితే బాబాయి అడ్డుప్రశ్నలు లేకపోతే ఈ పద్ధతి బలం ఎక్కడుందో, ఎక్కడ లేదో నాకు తెలిసేది కాదు.

బాబాయి: ద్రవంలో పదార్థం ఎంతుందో తెలియాలంటే వెలుగు పంపాలి, అటువైపు ఎంత వచ్చిందో చూడాలి. బీర్-లాంబర్ట్ నియమం. లోకమంతా దాంతోనే నడుస్తోంది. దీనికి రెండు లేజర్లూ, కదలని బల్లా, చీకటి గదీ ఎందుకమ్మా?

అమ్మాయి: మీరు మిగిలిన వెలుగును చూస్తారు బాబాయ్. ద్రవం మింగినదాన్ని చూడరు. పదివేల వంతుల్లో ఒక్క వంతు మాత్రమే పీల్చుకునే ద్రవం ఉందనుకోండి. మీ డిటెక్టరు మీద 10,000 పడాల్సిన చోట 9,999 పడుతుంది. ఆ రెండు పెద్ద అంకెల తేడాలో మీ జవాబు ఉంది. లారీని కాటా ఎక్కించి, డ్రైవరు జేబులో నిమ్మకాయ ఉన్నప్పుడోసారి, లేనప్పుడోసారి తూచి, నిమ్మకాయ బరువు చెప్పమన్నట్టు. దీపం కాస్త మినుకుమన్నా, సెల్లు గోడ మీద వేలిముద్ర పడినా ఆ ఒక్కటీ గల్లంతే.

బాబాయి: సరే, నువ్వు ఏం చూస్తావు?

అమ్మాయి: పీల్చుకున్న వెలుగు ఎక్కడికీ పోదు, వేడి అవుతుంది. లేజర్ పుంజం నడిమధ్యన గట్టిగా, అంచుల్లో పలచగా ఉంటుంది కదా. కాబట్టి ద్రవం కూడా పుంజం మధ్యలో ఎక్కువ వేడెక్కుతుంది, అంచుల్లో తక్కువ. వేడెక్కిన ద్రవం వ్యాకోచిస్తుంది, దాని వక్రీభవన గుణకం తగ్గుతుంది. మధ్యలో తక్కువ, చుట్టూ ఎక్కువ అంటే అక్కడ ఒక కటకం తయారైనట్టే. చాలా ద్రవాల్లో అది పుటాకార కటకంలా పనిచేసి వెలుగును విప్పార్చేస్తుంది. దూరంగా గోడ మీద లేజర్ చుక్క వెడల్పవుతుంది, దాని నడుమ వెలుగు తగ్గుతుంది. ఆ నడుమ ఒక పిన్‌హోల్ పెట్టి, వెనకాల ఫోటోడయోడ్ పెడతాను.

బాబాయి: అదిగో, దొరికావు. చివరికి నువ్వూ వెలుగు ఎంత తగ్గిందనే చూస్తున్నావు. నాది కాటా అయితే నీదీ కాటాయే.

అమ్మాయి: కాటాయే. కానీ నాది ఒకటికి పాతిక చూపించే కాటా. లెక్క చెబుతాను వినండి. 100 మిల్లీవాట్ల లేజర్, సెల్లులో నీళ్లు, పదివేలలో ఒక వంతు శోషణ. ద్రవంలో దిగే వేడి 10 మైక్రోవాట్లు. మీ యంత్రంలో కనబడే మార్పు నూటికి 0.01. నా పిన్‌హోల్ వెనక కనబడే మార్పు దాదాపు నూటికి 0.25. అదే ఇథనాల్ అయితే నూటికి మూడు, నాలుగు దాకా పోతుంది. ఇంకో సంగతి. మీ దీపం బలం రెట్టింపు చేస్తే 9,999 కాస్తా 19,998 అవుతుంది, నిష్పత్తి మారదు. నా లేజర్ బలం రెట్టింపు చేస్తే వేడి రెట్టింపు, కటకం బలం రెట్టింపు, సంకేతం రెట్టింపు.

బాబాయి: ద్రవం ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుంది?

అమ్మాయి: ఇప్పుడు చెప్పిన నీళ్ల లెక్కలో అయితే డిగ్రీలో పదివేలవ వంతు లెక్కన.

బాబాయి: (నవ్వి) ల్యాబులో ఎవరైనా తుమ్మితే అంతకంటే ఎక్కువ వేడెక్కుతుంది కదే!

అమ్మాయి: తుమ్మితే సెల్లంతా ఒకేలా వేడెక్కుతుంది, కటకం ఏర్పడదు. నేను చూసేది ఎంత వేడెక్కిందని కాదు, మధ్యకీ అంచుకీ తేడా ఎంతని. పైగా వేడిచేసే పుంజాన్ని చాపర్‌తో సెకనుకు కొన్నిసార్లు ఆపి ఆపి వదులుతాను. ఆ తాళానికి లయగా పెరిగి తగ్గే మార్పునే లాక్-ఇన్ యాంప్లిఫయర్ పట్టుకుంటుంది. తుమ్ముకు తాళం ఉండదుగా.

(ఈ జవాబు బాబాయికి నచ్చింది. బయటికి మాత్రం చెప్పలేదు.)

బాబాయి: అసలిది ఎవరికి తట్టింది?

అమ్మాయి: ఎవరికీ తట్టలేదు, అడ్డొచ్చింది. 1964లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో గోర్డన్, లెయితే, మూర్, పోర్టో, విన్నరీ అనే అయిదుగురు. ద్రవాల్లో రామన్ పరిక్షేపణం చూడాలని, వెలుగు బాగా ఎక్కువ దొరుకుతుందని, ద్రవం ఉన్న సెల్లును ఏకంగా హీలియం-నియాన్ లేజర్ లోపలే, రెండు అద్దాల నడుమ పెట్టారు. లేజర్ వెలుగు స్థిరంగా లేదు. నిదానంగా, కొన్ని సెకన్లపాటు పెరగడం, తగ్గడం, చుక్క ఆకారం మారిపోవడం. అంత నిదానంగా జరిగేది అణువుల ఆట కాదు, వేడి నడకేనని గుర్తించారు. పారదర్శకమని అందరూ అనుకునే ద్రవాలు కూడా కొంచెం వెలుగును మింగుతాయని అక్కడే తేలింది. 1965లో ప్రచురించారు.

బాబాయి: రామన్ కోసం వెళ్లి ఇందులో పడ్డారన్నమాట.

(ఆ రామన్ చదువు మొదలైంది విశాఖపట్నంలోనే. 1928లో కలకత్తాలో ఆయన పరీక్షించినవీ బెంజీన్ లాంటి మామూలు ద్రవాలే. ఆయనకు లేజర్ లేదు, ఎండ ఉంది.)

అమ్మాయి: తర్వాత 1973లో హ్యూ, విన్నరీ కలిసి సెల్లును లేజర్ లోపలి నుంచి బయటికి తెచ్చారు. ఇప్పుడు చాలామంది వాడే రెండు పుంజాల అమరికలో ఒకటి వేడిచేస్తుంది, ఇంకోటి బలహీనమైనది, ఊరికే చూసిపోతుంది.

బాబాయి: సెల్లును సరిగ్గా ఫోకస్ దగ్గర పెడతావు కదా, అక్కడే వేడి ఎక్కువ.

అమ్మాయి: పెడితే ఏమీ కనబడదు!

బాబాయి: అదేమిటి?

అమ్మాయి: ఒక్క పుంజంతోనే పని చేసే అమరిక తీసుకోండి. పుంజం బాగా సన్నబడే చోట కటకం పెడితే దూరంగా చుక్క మధ్య వెలుగు దాదాపు మారదు. అక్కడ తరంగం చదునుగా ఉంటుంది, చిన్న కటకం చేసే వంకరను మధ్య వెలుగు లెక్కచేయదు. దాన్ని దాటి కొంచెం అవతల పెట్టాలి, పుంజం విప్పారడం మొదలయ్యే చోట. ఎంత అవతల అన్నదాని మీద కూడా గొడవ జరిగింది. మొదట కటకాన్ని ఆదర్శమైన పారాబోలాగా అనుకుని లెక్కవేస్తే కన్‌ఫోకల్ దూరం దగ్గర అని వచ్చింది. 1982లో షెల్డన్, నైట్, థార్న్ అసలు కటకం అంత శుభ్రంగా ఉండదని, అంచుల్లో వంకర్లు పోతుందని, ఆ వంకర్లనూ కలిపి లెక్కవేశారు. ఆ దూరానికి √3 రెట్లు, అంటే 1.73 రెట్లు అని తేలింది. సెల్లును పుంజం వెంట ముందుకీ వెనక్కీ జరుపుతూ పోతే ఫోకస్‌కు ఇటుపక్క వెలుగు పెరుగుతుంది, అటుపక్క తగ్గుతుంది. నడిమధ్యన సున్నా.

బాబాయి: ఊఁ. ఇంతవరకూ బాగుంది. ఇప్పుడు నా అసలు ప్రశ్న. వేడికి ఊరూ పేరూ ఉంటాయా?

అమ్మాయి: అంటే?

బాబాయి: సెల్లులో ఏదో ఒకటి వెలుగు పీల్చి వేడెక్కింది. అది నీ పదార్థమా, ద్రావణిలో ఉన్న మలినమా, సెల్లుకి అంటిన సబ్బా? వేడి చెప్పదు. నా యూవీ యంత్రం 200 నుంచి 800 నానోమీటర్ల దాకా గీత గీసి ఇస్తుంది, ఆ గీత వంపుల్ని బట్టి కొంతైనా పోల్చుకుంటాను. నీ లేజర్‌కు ఉన్నది ఒకే రంగు. 532 అయితే 532, 632.8 అయితే 632.8. ఒకే ఒక్క చుక్కతో ముఖం గీయగలవా?

అమ్మాయి: రంగు మార్చుకునే లేజర్లు ఉన్నాయి. 1976లో కార్నెల్‌లో స్వాఫర్డ్, లాంగ్, ఆల్‌బ్రెక్ట్ డై లేజర్‌తో ఒక్కొక్క తరంగదైర్ఘ్యమే మారుస్తూ బెంజీన్, నాఫ్తలీన్, ఆంత్రసీన్‌ల వర్ణపటాలు తీశారు. కంటికి ఏ రంగూ లేని బెంజీన్‌లో 607 నానోమీటర్ల దగ్గర ఒక పట్టీ ఉంది. కార్బన్-హైడ్రోజన్ బంధం ఒకేసారి ఆరు మెట్లెక్కి కంపించడం అది. అంత బలహీనమైనదాన్ని మామూలుగా చూడాలంటే మీటర్ల పొడవు గొట్టం నిండా బెంజీన్ పోయాలి. వాళ్లకు చిన్న సెల్లు చాలింది.

బాబాయి: బెంజీన్ ఒక్కటే ఉన్న సెల్లులో బెంజీన్‌ను గుర్తుపట్టారు! నేనడిగింది మిశ్రమం సంగతి. మాత్రలో అసలు మందు, దాని పక్కన నాలుగైదు ఇంప్యూరిటీలు. పైగా వాటిలో చాలామటుకు తెల్లనివి, 210 నుంచి 280 నానోమీటర్ల మధ్య పీల్చేవి. నీ పచ్చ లేజర్‌కు అవి కనబడనే కనబడవు.

అమ్మాయి: 266 నానోమీటర్ల లేజర్లు ఉన్నాయి...

బాబాయి: వాటి ధరా ఉంది.

అమ్మాయి: ఉంది. సరే, ఇది మీదే గెలుపు. ఏదో ఒకటి ఎంత ఉందో చెప్పగలను గానీ, అదేమిటో వేడిని అడిగి చెప్పలేను.

(ఇక్కడ ఆగిపోతే బాబాయి గెలిచినట్టే ఉండేది. కానీ ఇద్దరూ ఇప్పటిదాకా ద్రవంలో ‘ఏముంది’ అన్నదే మాట్లాడుకున్నారు, ద్రవం గురించి కాదు. అమ్మాయి అక్కడ అందుకుంది.)

అమ్మాయి: నేను మొదలుపెట్టిన తీరే తప్పు బాబాయ్, మీ దారిలోకి వచ్చి మీతో పోటీ పడ్డాను. నా గీతను పూర్తిగా చూడండి. లేజర్ షట్టర్ తెరిచిన క్షణం నుంచి పిన్‌హోల్ వెనక వెలుగు తగ్గుతూ తగ్గుతూ ఒక చోట నిలబడుతుంది. ఎంత లోతుకు తగ్గిందన్నది శోషణ సంగతి చెబుతుంది. ఎంత వేగంగా తగ్గిందన్నది వేరే కథ. అది ద్రవంలో వేడి ఎంత త్వరగా పాకుతుందో చెబుతుంది. పుంజం వ్యాసార్ధం 50 మైక్రాన్లయితే నీళ్లలో ఆ కాలం 4.4 మిల్లీసెకన్లు. ఇథనాల్‌లో ఏడు దాటుతుంది. ఒకే గీతలో రెండు జవాబులు. వేగం తెలియడానికి రంగు పదార్థం ఎంత కలిపానో కచ్చితంగా తెలియక్కర్లేదు కూడా. వేడెక్కడానికి ఏదో చిటికెడు ఉంటే చాలు.

బాబాయి: ఉష్ణ వ్యాపన గుణకం. దానికి వేరే పద్ధతులు లేవా?

అమ్మాయి: ఉన్నాయి. ద్రవంలో వేడి తీగ ముంచి కొలవచ్చు. నేను ద్రవాన్ని ముట్టుకోను, ఒక్క మిల్లీలీటరు ఇస్తే చాలు. నీళ్లలో ఆల్కహాల్ కలుపుతూ పోతే ఈ గుణం సాఫీగా మారదు, మధ్యలో వంకర్లు పోతుంది. అణువులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటున్నాయో ఆ వంకర్లలో కనబడుతుంది. కాన్పూర్ ఐఐటీలో దేబబ్రత గోస్వామి బృందం ఫెమ్టోసెకండ్ లేజర్లతో ఇలాంటి ద్రవాల మీదా, మిశ్రమాల మీదా పనిచేస్తోంది. కొచ్చిలో కుసాట్ విశ్వవిద్యాలయం ఫోటోనిక్స్ విభాగం రంగుల మీద, నానో కణాలు కలిపిన ద్రవాల మీద చాలా పని చేసింది.

బాబాయి: నీళ్ల మాట ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. ఉష్ణోగ్రతతో నీళ్ల వక్రీభవన గుణకం మహా అయితే డిగ్రీకి పదివేల వంతుల్లో ఒకటి మారుతుంది. వేడిని లాగేసుకోవడంలో మాత్రం నీళ్లు చురుకు. నీ పద్ధతికి నీళ్లంత చేటు ద్రావణి ఇంకోటి ఉండదు కదా?

అమ్మాయి: ఉండదు. కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో ఇదే సంకేతం నీళ్లకంటే 30 రెట్లకు పైగా వస్తుంది.

బాబాయి: ఆ సీసా మూత తీయనిస్తారా ఇప్పుడు? కాలేయాన్ని తినేస్తుంది, ఓజోన్ పొరకు చేటని మాంట్రియల్ ఒప్పందంలో కట్టడి చేశారు. నా శాంపిళ్లు నీళ్లలో ఉంటాయి, మనిషి రక్తంలో చాలామటుకు నీళ్లే, చెరువు నీళ్లు సరేసరి. పరీక్షించాల్సినవన్నీ ఉన్న చోటే నీ కాటా మందగిస్తుంది.

అమ్మాయి: నీళ్లలో కొంచెం ఆల్కహాల్ కలిపితే పెరుగుతుంది. కానీ నీళ్లలో ఉన్న తమాషా ఇంకెక్కడా లేదు. చల్లబరుస్తూ పొండి. సంకేతం తగ్గుతూ తగ్గుతూ సున్నా డిగ్రీల దగ్గర మాయమవుతుంది. ఇంకా చల్లబరిచి, గడ్డకట్టకుండా చూసుకుంటే మళ్లీ వస్తుంది, అయితే తలకిందులుగా, వెలుగును దగ్గరకు చేర్చే కటకంగా.

బాబాయి: నాలుగు డిగ్రీల దగ్గర కదా నీళ్ల సాంద్రత గరిష్ఠం? అక్కడ మాయమవ్వాలి.

అమ్మాయి: అందరూ అదే అంటారు! సాంద్రత ఒక్కటే లెక్కయితే నాలుగు దగ్గరే మాయం కావాలి. కాలేదంటే గుణకాన్ని సాంద్రత ఒక్కటే నడపడం లేదు. ఉష్ణోగ్రతతో నీటి అణువుల అల్లిక మారుతోంది, వాటి మీద వెలుగు పట్టు మారుతోంది. ఉప్పు కలిపినా, ఆల్కహాల్ కలిపినా ఆ సున్నా చోటు జరుగుతుంది. నీళ్లు నా కొలతకు చెడ్డవే, నా ప్రశ్నలకు మాత్రం మంచివి.

(బాబాయి కాసేపు మాట్లాడలేదు. ఉద్యోగమంతా మిల్లీ-క్యూ అనే అతి శుద్ధమైన నీళ్లు వాడిన మనిషి.)

బాబాయి: మబ్బుగా ఉన్న ద్రవం పెడితే? పాలు కలిసిన నీళ్లలాంటిది.

అమ్మాయి: అది నాకే లాభం. చెదిరిపోయిన వెలుగు మీ డిటెక్టరుకు చేరదు కాబట్టి మీ యంత్రం దాన్నీ శోషణ కిందే జమకడుతుంది. చెదిరిన వెలుగు వేడి పుట్టించదు, కాబట్టి నా కటకానికి అది లెక్కలోకే రాదు.

బాబాయి: మరి దుమ్ము కణం పుంజానికి అడ్డం పడితే?

అమ్మాయి: గీత ఎగిరి పడుతుంది. వడకట్టే పెడతాం. లేజర్ బలం మరీ పెంచితే ద్రవం కదిలి ప్రవాహాలు లేస్తాయి, గోడ మీద గుండ్రటి చుక్క ఒకవైపు అణిగినట్టు అవుతుంది. సున్నితమైన రంగులు లేజర్ కిందే మాడిపోతాయి. ఇవన్నీ ఉన్నాయి, దాచను. కానీ మీ వాళ్లు ఎప్పుడూ వాడే ఫ్లోరెసెన్స్ సంగతి చెప్పనా? రోడమిన్ 6జి ఉందిగా. పీల్చిన ప్రతి వంద ఫోటాన్లకు దాదాపు 95 తిరిగి వెలుగుగా ఇచ్చేస్తుంది. ఆ 95, 94 కాదని ఎలా చెబుతారు?

బాబాయి: తెలిసిన ప్రమాణంతో పోల్చి.

అమ్మాయి: ఆ ప్రమాణానికి ప్రమాణం ఏమిటి? నేను వేడిని కొలుస్తాను. 514.5 నానోమీటర్ల వెలుగు పీల్చి, సగటున 565 దగ్గర ఇస్తుంది. వెనక్కిచ్చే ఫోటాన్‌లో శక్తి కొంచెం తక్కువ, ఆ తేడా వేడి అవుతుంది. అంతా కలిపి పీల్చిన శక్తిలో నూటికి 13 లేక 14 పాళ్లే వేడి. ఇప్పుడు 95 కాస్తా 94 అయితే వేడి 14 దాటిపోతుంది. వెలుగులో ఒక వంతు మార్పు వేడిలో ఆరేడు వంతుల మార్పుగా కనబడుతుంది. 1978లో బ్రానన్, మాగ్డే ఫ్లోరెసీన్‌కు ఇలాగే, ఏ ఫ్లోరెసెన్స్ ప్రమాణమూ లేకుండా విలువ కట్టారు.

బాబాయి: ఇది బాగుంది. ఇది ముందే ఎందుకు చెప్పలేదు?

అమ్మాయి: మీరు ఇంప్యూరిటీల దగ్గర పట్టుకున్నారుగా.

బాబాయి: నేనింకా వదల్లేదు. ఒక దారి తోస్తోంది. విడదీయడం నా హెచ్‌పీఎల్‌సీ కాలమ్ చూసుకుంటుంది. ఒక్కొక్కటీ తన రిటెన్షన్ టైముకు బయటికొస్తుంది, అంటే ఊరూ పేరూ కాలమ్ చెబుతుంది. దాని తోకకు నీ కటకాన్ని డిటెక్టరుగా కట్టుకుంటే?

అమ్మాయి: ఎప్పటినుంచో చేస్తున్నారు బాబాయ్. సన్నటి కేశనాళికలో అయితే ఇంకా మేలు. మీ యూవీ డిటెక్టరుకు వెలుగు నడిచే దారి పొడుగ్గా ఉండాలి. నాకు పుంజం పట్టేంత చోటు ఉంటే చాలు. టోక్యో విశ్వవిద్యాలయంలో కితమోరి బృందం ఈ పద్ధతిని సూక్ష్మదర్శినిలోకి ఎక్కించి, గాజు పలక మీద చెక్కిన వెంట్రుకంత కాలువల్లో కొలిచింది. అక్కడ కొలిచే ఘనపరిమాణం కొన్ని ఫెమ్టోలీటర్లు. ఒక ఫెమ్టోలీటరు అంటే భుజం ఒక మైక్రాను ఉన్న ఘనం. అందులో సగటున ఒక్క అణువు కూడా లేని పలుచన దాకా పోయారు. అంత చిన్నచోట వేడి మైక్రోసెకన్లలోనే పాకిపోతుంది కాబట్టి కొలత కూడా వేగం.

బాబాయి: కానీ నేను గ్రేడియెంట్ నడుపుతాను. మొదట నీళ్లెక్కువ, పోనుపోను అసిటోనైట్రైల్ ఎక్కువ. నువ్వే అన్నావు, ద్రావణిని బట్టి నీ సంకేతం మారుతుందని. మొదటి పీక్‌కు ఒక కొలమానం, చివరి పీక్‌కు పది రెట్ల కొలమానమా? ఇది ఆడిట్‌కు వచ్చినవాడి ముందు పెడితే ఏమంటాడో తెలుసా?

అమ్మాయి: ఐసోక్రాటిక్‌గా నడపండి, ద్రావణి మారదు.

బాబాయి: ఐసోక్రాటిక్‌లో నా ఇంప్యూరిటీలు రెండు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి.

అమ్మాయి: ప్రతి మిశ్రమానికీ కొలమానం ముందే గీసుకుని, గీతను సరిదిద్దుకోవచ్చు.

బాబాయి: సరిదిద్దుకోవచ్చు అనేది ల్యాబులో మాట. ముందు ఒట్టి అసిటోనైట్రైల్ పెట్టి ఎంత వస్తుందో చూపించు.

అమ్మాయి: సున్నా రాదు బాబాయ్. ఒట్టి ద్రావణి కూడా కొంచెం పీలుస్తుంది.

బాబాయి: రాదని నాకూ తెలుసు. పొద్దున ఎంత వచ్చింది, సాయంత్రం ఎంత వచ్చింది, సీసా మారిస్తే ఎంత వచ్చింది, అది కాగితం మీద పెట్టి తీసుకురా. గ్రేడియెంట్ సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.